నెమ్మదికీ ఒక టైంటేబుల్: స్వీడన్‌లో మొదటి ఏడాది తీరిగ్గా గడపడం ఎలా

నవంబరు రెండో వారంలో మేము స్టాక్‌హోమ్‌లో దిగాం. మధ్యాహ్నం మూడున్నరకే వీధి దీపాలు వెలిగాయి. ఆ రాత్రి ఫోనులో ‘స్కాండినేవియా జీవన విధానం’ అని వెతికాను. తెల్లని గోడలు, బూడిదరంగు దుప్పటి, చెక్క బల్ల మీద కొవ్వొత్తి, ఉన్ని మేజోళ్లు తొడుక్కున్న రెండు పాదాలు. మర్నాడే అలాంటి దుప్పటి ఒకటి, రెండు డజన్ల కొవ్వొత్తులు కొనుక్కొచ్చాం. నెల తిరిగేసరికి కొవ్వొత్తులు అయిపోయాయి. మా ఉరుకులు పరుగులు మాత్రం హైదరాబాదులో ఉన్నట్టే ఉన్నాయి.

అసలు సంగతి నాకు బట్టలుతికే గదిలో తెలిసింది. ఇక్కడి పాత అపార్ట్‌మెంట్లలో చాలావాటికి నేలమాళిగలో అందరికీ కలిపి ఒక ఉతుకుడు గది ఉంటుంది. త్వెట్‌స్టూగా అంటారు. గోడ మీది బోర్డులో మీకు కావలసిన రోజు, గంట దగ్గర మీ ఇంటి చిన్న తాళం బిగిస్తే ఆ వంతు మీది. మా మొదటి వంతు ఉదయం ఏడు నుంచి పది. పది దాటి అయిదు నిమిషాలైనా నేనింకా బట్టలు తీస్తూనే ఉన్నాను. తలుపు దగ్గర డెబ్బై దాటిన పక్కింటావిడ బుట్ట పట్టుకుని నిలబడ్డారు. “ఇప్పుడు నా సమయం” అన్నారు. కోపం లేదు, బయట వాన పడుతోంది అని చెప్పినట్టు చెప్పారు. నాకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది. అయిదు నిమిషాలకు ఇంత పట్టింపా?

చనువు పెరిగాక తెలిసింది. మంగళవారం పది గంటల వంతు ఏళ్లుగా ఆవిడదే. ఉతకడం అయ్యాక కాఫీ, కాఫీ అయ్యాక చెరువు చుట్టూ నడక. ఈ మూడు పనుల మధ్య ఆవిడ పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. ఇక్కడి తీరిక వెనక బద్ధకం లేదు, ఖరీదైన దుప్పటీ లేదు. ఏ పని ఎప్పుడు మొదలవుతుందో, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు ఆగుతుందో ముందే తేలిపోయి ఉంటుంది. మిగిలిన సమయం జోలికి ఎవరూ పోరు.

చదువుకోసం కార్ల్స్‌క్రోనాకో, ఉద్యోగానికి స్టాక్‌హోమ్ శివారు షీస్తాకో కొత్తగా వస్తున్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నార్వే, డెన్మార్క్‌లలో ఉన్నవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది. తేడా ఉన్నచోట చెబుతాను.

మొదటి అడుగు: మూడు నెలలు ఇంటికి ఏమీ కొనకండి

మంచం, పరుపు, వంటగిన్నెలు, అన్నం తినే బల్ల. వీటితో ఆపండి. హ్యుగ్గె అనే డేనిష్ మాట 2016 ప్రాంతంలో ఇంగ్లండు, అమెరికా దుకాణాల్లో అమ్మకపు సరుకైపోయింది. దాని అర్థం నలుగురూ కూడి హాయిగా ఉండడం. నార్వేవాళ్లు కోసెలి అంటారు, స్వీడన్‌వాళ్లు మ్యూసిగ్ అంటారు. మూడింటిలోనూ ముఖ్యం మనుషులే. కొవ్వొత్తి పక్కవాద్యం.

ఇక్కడి ఇళ్లలో కనిపించే నిరాడంబరత మొదట్లో అభిరుచి కూడా కాదు, లేమి. 1860ల చివర స్వీడన్‌లో కరవు వచ్చింది. 19వ శతాబ్దం మధ్య నుంచి 1930 దాకా దాదాపు 13 లక్షల మంది ఈ దేశం వదిలి వెళ్లారు, ఎక్కువమంది అమెరికాకే. 1900లో ఇక్కడి జనాభా 50 లక్షల పైచిలుకు మాత్రమే అని గుర్తుంచుకుంటే ఆ సంఖ్య బరువు తెలుస్తుంది. ఉన్న నాలుగు వస్తువులనే బాగుచేసుకుంటూ వాడుకున్నవాళ్ల మనవలే ఈనాటి వాళ్లు. ఆ సాదాతనాన్ని కొత్త సోఫాసెట్టుతో కొనుక్కోవాలనుకోవడం నాకు కొంచెం నవ్వు తెప్పిస్తుంది, మొదట నేనూ చేసిన పనే అయినా.

ఇలా చేయండి. ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించండి. ఏదైనా వస్తువు కావాలనిపించినప్పుడు దాని పేరు, ఆనాటి తేదీ రాయండి. ముప్పై రోజుల తరువాత కూడా కావాలనిపిస్తే అప్పుడు వెతకండి, అదీ ముందు వాడిన వస్తువుల సంతలో. లోప్పిస్ అని బోర్డు కనిపించిన ప్రతిచోటా ఆగండి. వేసవిలో పల్లె దారుల పక్కన, పట్నంలో శనివారాలు ఏదో ఒక పేటలో జరుగుతూనే ఉంటాయి. మా కాగితం మీద పదకొండు పేర్లు ఎక్కాయి. నెల తరువాత మిగిలినవి రెండు: ఒక నిలువు దీపం, పిండి కలిపే పెద్ద గిన్నె. రెండూ సంతలోనే దొరికాయి.

లాగోమ్ అనే మాట కూడా మీ చెవిన పడుతుంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు, సరిపడా అని. సారాకొమ్ము చుట్టూ కూర్చున్న గుంపులో అందరికీ అందేలా తాగమన్న మాట నుంచి పుట్టిందని ప్రతివాళ్లూ ఒక కథ చెబుతారు. కథ బాగానే ఉంటుంది కానీ నిజం కాదు. ఆ పదం ‘ఆచారం ప్రకారం’ అనే అర్థమున్న పాత రూపం నుంచి వచ్చింది.

రెండో అడుగు: డబ్బు పెట్టాల్సింది బట్టల మీద

“చెడ్డ వాతావరణమంటూ లేదు, చెడ్డ బట్టలే ఉన్నాయి” అని ఇక్కడ పసిపిల్లలకు కూడా వచ్చు. స్వీడిష్‌లో వాతావరణం వేడర్, బట్టలు క్లేడర్, అందుకే ఆ సామెతకు ప్రాస కుదిరింది. మొదటిసారి విన్నప్పుడు చలిదేశం వాళ్ల డాంబికం అనుకున్నాను. జీన్సు వేసుకుని వానలో అడవికి వెళ్లిన రోజున ఒప్పుకున్నాను. తడిసిన నూలు ప్యాంటు తొడలకు అతుక్కుపోయి, రెండు గంటల దారి నాలుగు గంటలైనట్టు అనిపించింది.

మూడు పొరలు కావాలి. చర్మానికి ఆనుకుని పల్చని ఉన్ని బట్ట, మెరీనో అయితే మేలు. నూలు బనీను చెమట పీల్చుకుని అలాగే తడిగా ఉండిపోతుంది, ఆగగానే వణుకు మొదలవుతుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. దాని మీద స్వెట్టరు. ఆ పైన గాలి, వాన చొరబడని జాకెట్టు, ప్యాంటు. బూట్లు కాస్త వదులుగా తీసుకోండి. మందపాటి ఉన్ని మేజోళ్లు వేశాక కూడా కాలివేళ్లు కదలాలి. బిగుతు బూటులో పాదం త్వరగా చల్లబడిపోతుంది.

ఇంకో మూడు చిన్న వస్తువులు ఉన్నాయి, ఎవరూ ముందుగా చెప్పరు. మంచు గడ్డకట్టిన కాలిబాట మీద జారకుండా బూటుకు తగిలించుకునే ముళ్ల పట్టీలు. చీకట్లో కారు వెలుగుకు మెరిసే చిన్న బిళ్ల, జేబుకు వేలాడదీసుకోవాలి. మడిచి సంచిలో పెట్టుకునే నురుగు చాప, తడి రాయి మీద కూర్చోవడానికి. మూడో దాని విలువ కింద చెబుతాను. పిల్లల బట్టల గురించి వాళ్ల డేకేర్ వాళ్లే పెద్ద జాబితా ఇస్తారు. వాన ప్యాంటు, రబ్బరు బూట్లు తప్పనిసరి, ఎందుకంటే వానలోనూ బయటే ఆడిస్తారు. నెలల పిల్లల్ని బండిలో వెచ్చగా చుట్టి ఆరుబయటే నిద్రపుచ్చడం చూసి కంగారు పడకండి. కంగారు మాకూ తప్పలేదు.

మూడో అడుగు: ఒకే అడవిని పట్టుకోండి

స్వీడన్ నేలలో దాదాపు మూడింట రెండు వంతులు అడవే. 1909లో ఒకేసారి తొమ్మిది జాతీయ ఉద్యానాలు ఏర్పాటు చేసింది, యూరప్‌లో అవే మొదటివి. ఇన్ని ఉన్నాయని వారానికొకటి చుట్టబెట్టాలని మనసు లాగుతుంది. లాగనివ్వకండి. ఇంటికి అరగంట దూరంలో ఒక అడవి చూసుకుని, కనీసం రెండు నెలలు ప్రతి ఆదివారం దానికే వెళ్లండి.

స్టాక్‌హోమ్‌లో అయితే మెట్రోలో బ్యోర్క్‌హాగెన్ స్టేషన్‌లో దిగండి. సోర్మ్‌లాండ్స్‌లేదెన్ అనే కాలిబాట అక్కడే మొదలవుతుంది. మొత్తం పొడవు 1000 కిలోమీటర్ల పైనే. మీకు మొదటి రెండు కిలోమీటర్లు చాలు. చెట్లకు నారింజరంగు గుర్తులుంటాయి, అవి పట్టుకుని నడవడమే. ఓస్లోలో సోంగ్‌స్‌వన్ చెరువు దాకా మెట్రో వెళ్తుంది. కోపెన్‌హేగెన్ వాళ్లకు క్లాంపెన్‌బోర్గ్ స్టేషన్ పక్కనే జింకలు తిరిగే పెద్ద వనం ఉంది.

ఎవరి అడవి, ఎవరి అనుమతి అన్న అనుమానం మనకు వెంటనే వస్తుంది. ఆలెమాన్స్‌రెట్టెన్ అనే ‘అందరి హక్కు’ ప్రకారం స్వీడన్‌లో ప్రైవేటు అడవిలో కూడా నడవవచ్చు, పళ్లు కోసుకోవచ్చు, ఒక రాత్రి గుడారం వేసుకోవచ్చు. 1994లో ఇది రాజ్యాంగంలోకి కూడా ఎక్కింది. షరతు నాలుగు మాటల్లో చెబుతారు: ఇబ్బంది పెట్టొద్దు, పాడు చేయొద్దు. ఎవరి ఇంటి ఆవరణలోకీ వెళ్లకూడదు, పంట పొలం తొక్కకూడదు, రక్షిత మొక్కల్ని ముట్టకూడదు. నార్వేలో 1957 నాటి చట్టం ఉంది. అక్కడ గుడారానికీ దగ్గరి ఇంటికీ కనీసం 150 మీటర్ల దూరం ఉండాలి. డెన్మార్క్‌లో ఇంత స్వేచ్ఛ లేదు. ప్రైవేటు అడవుల్లో బాటల మీదే నడవాలి, అదీ పగటిపూట మాత్రమే. మూడు దేశాలూ ఒకటే అనుకుని ఇబ్బంది పడకండి.

ఇక పద్ధతి. మొదటి ఆదివారం నలభై నిమిషాలు నడిచి వచ్చేయండి. రెండోసారి వెళ్లినప్పుడు కూర్చోవడానికి ఒక రాయి ఎంచుకోండి, చెరువు ఒడ్డున అయితే మంచిది. నురుగు చాప పరిచి ఇరవై నిమిషాలు కూర్చోండి. ఫ్లాస్కులో టీ ఉండాలి. ఫోను అత్యవసరానికి సంచిలోనే ఉండనివ్వండి, 112 నంబరు గుర్తుంటే చాలు. మూడో, నాలుగో వారాల్లో కూడా అదే రాయి.

నాలుగో ఆదివారం, డిసెంబరులో, మా రాయి ముందున్న నీరు ఒడ్డున పల్చగా గడ్డకట్టి ఉంది. మా అబ్బాయి గులకరాయి ఒకటి విసిరాడు. అది మంచు మీద ఎగురుకుంటూ పోయింది. ప్రతి ఎగురుకూ చెరువంతా వీణ తీగ మీటినట్టు ఖంగుమంది, ఆ ధ్వని అవతలి ఒడ్డు దాకా సాగింది. వాడు ఇంకో రాయి వేశాడు, ఇంకోటి వేశాడు. అరగంట గడిచింది. కొత్తగా కట్టిన పల్చటి మంచే అలా పలుకుతుందట, వారం తిరిగేసరికి అది మందమై మూగబోయింది. వేరే అడవికి వెళ్లి ఉంటే ఆ రెండు ఆదివారాల తేడా మాకు తెలిసేదే కాదు. మంచు మీద నడవడం మాత్రం వేరే విద్య. గట్టి మంచు కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలని, ఒంటరిగా వెళ్లకూడదని ఇక్కడ చెబుతారు. మొదటి ఏడాది ఒడ్డునే ఉండండి.

మన వనభోజనాల అలవాటు ఇక్కడ కొంచెం అడ్డొస్తుంది. కార్తీకమాసం కదా అని పన్నెండు మందిమి, నాలుగు రకాల వంటకాలతో, స్పీకరుతో వెళ్లాం ఒకసారి. అడవి ఏమీ అనలేదు, ఎదురొచ్చిన వాళ్లూ ఏమీ అనలేదు, దారి మార్చుకుని వెళ్లిపోయారు. వనభోజనానికి ఏడాదికి ఒకరోజు ఉంచుకోండి. మిగిలిన ఆదివారాలకు ఒక డబ్బా చాలు. పులిహోర చల్లారినా రుచి పోదు, అడవికి అంతకన్నా మంచి తిండి లేదు. సున్నా కింద అయిదు డిగ్రీల్లో పెరుగన్నం తిని చూడాలనే సరదా మాత్రం వద్దు.

మంట వేసేముందు ఆ ఊరికి నిషేధం ఉందో లేదో మునిసిపాలిటీ వెబ్‌సైటులో చూడండి, ఎండాకాలంలో తరచుగా ఉంటుంది. ఏర్పాటు చేసిన పొయ్యిల్లోనే వేయండి. నేరుగా బండ మీద వేస్తే రాయి పగులుతుంది, ఆ మచ్చ ఎప్పటికీ పోదు. వసంతం నుంచి శరత్తు దాకా ఇంటికి రాగానే ఒళ్లంతా పిడుదుల కోసం వెతుక్కోండి. స్టాక్‌హోమ్ చుట్టుపక్కల అవి మెదడువాపు వైరసును మోస్తాయి, టీకా వేయించుకోవడం మంచిది.

ఈ ఆరుబయటి బతుకును ఫ్రీలుఫ్ట్‌స్లీవ్ అంటారు. హెన్రిక్ ఇబ్సెన్ 1859లో ఒక కవితలో వాడిన మాట. శిఖరాలెక్కడం, కిలోమీటర్లు లెక్కపెట్టడం దాని ఉద్దేశం కాదు. నార్వే పర్వత నియమాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం: వేళ మించకముందే వెనక్కి తిరగండి, తిరిగిరావడం సిగ్గుపడాల్సిన పని కాదు. నేలమీది పిక్నిక్కులకూ అది వర్తిస్తుంది. పిల్లలు మొరాయిస్తే, వాన ముదిరితే, పది నిమిషాలకే ఇంటికి వచ్చేయండి.

పళ్ల కాలం వస్తే

జూలై చివర నుంచి మీ అడవి మీకు అద్దె చెల్లిస్తుంది. మోకాలి ఎత్తైనా లేని పొదల్లో బ్లోబేర్ అనే నీలిపళ్లు. అంగట్లో దొరికే అమెరికా రకం కాదు ఇది. లోపల కూడా ముదురు రంగే, రెండు తింటే నాలుక నేరేడుపండు తిన్నట్టవుతుంది. ఆగస్టు చివర, సెప్టెంబరులో ఎర్రటి లింగోన్. ఇది మన నాలుకకు తెలిసిన పులుపు, వగరు.

లింగోన్‌ను ఉడికించనక్కర్లేదు. అర కిలో పళ్లు ఏరి కడిగి, నీళ్లు ఓడ్చి, 170 గ్రాముల పంచదార వేసి, దారిన పోయినప్పుడల్లా చెక్క గరిటెతో కలుపుతూ ఉండండి. పంచదార పూర్తిగా కరిగాక సీసాకెత్తి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ పండులో సహజంగానే బెంజోయిక్ ఆమ్లం ఉంటుంది, అందుకే త్వరగా పాడవదు. ఇక్కడివాళ్లు మాంసపు ఉండలతో, బంగాళాదుంపలతో తింటారు. మా ఇంట్లో సగం పళ్లకు పంచదార బదులు ఉప్పు, ఎండుమిర్చి, మెంతిపొడి, వెల్లుల్లి పోపు పడతాయి. వేడన్నంలో నెయ్యితో తింటే గోంగూరకు చెల్లెలే. పక్కింటావిడకు ఒక సీసా ఇచ్చాను. చెంచా కొసన నాకి, చాలాసేపు ఆలోచించి, “ఆసక్తికరంగా ఉంది” అన్నారు. స్వీడిష్ మర్యాదలో అది ఏ అర్థంలో వాడతారో మీరూ త్వరలోనే తెలుసుకుంటారు.

పుట్టగొడుగుల జోలికి మొదటి ఏడాది ఒంటరిగా పోవద్దు. పసుపుపచ్చని కంటరెల్ కోసం వచ్చి ప్రాణాంతకమైనవి ఇంటికి తీసుకెళ్లేవాళ్లు ఉంటారు. తెలిసినవాళ్ల వెంట నడవండి, అనుమానం ఉన్నదాన్ని బుట్టలో కూడా వేయకండి. శరత్కాలం వేట కాలం కూడా కాబట్టి మెరిసే రంగు చొక్కా వేసుకోండి.

నాలుగో అడుగు: కాఫీకి కూర్చోండి

ఫీకా అంటే కాఫీ, దానితో ఏదో ఒక తీపి రొట్టె, ఎదురుగా ఒక మనిషి. కాఫీకి ఉన్న పాత పేరు ‘కఫ్ఫి’ని తలకిందులు చేస్తే వచ్చిందంటారు. స్వీడన్‌లో 1756 మొదలుకుని కాఫీని పలుమార్లు నిషేధించారు. ఇప్పుడు కాఫీ తాగని మనిషి కనిపించడం అరుదు. ఆఫీసుల్లో ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో ఒకసారి, మధ్యాహ్నం మూడు దగ్గర ఒకసారి లేస్తారు. కొత్తవాళ్లు చేసే తప్పు కాఫీ కప్పు పట్టుకుని తిరిగి కంప్యూటర్ దగ్గరకు వెళ్లిపోవడం. కష్టపడి పనిచేస్తున్నాడనుకుంటారని మన ఆశ. వాళ్లకు మాత్రం మీరు కలవడం ఇష్టం లేనివాళ్లలా కనిపిస్తారు. కూర్చోండి. వాతావరణం, సెలవులు, పెరట్లోకొచ్చిన జింక, ఏదైనా మాట్లాడండి, పని తప్ప. మేనేజరును కూడా ‘నువ్వు’ అనే పిలవాలి. మొదట నోరు తిరగదు, రెండు వారాల్లో అలవాటవుతుంది.

స్నేహాలు కూడా ఈ బల్ల దగ్గరే పుడతాయి, చాలా నెమ్మదిగా. ఒక్క ఫీకాతో ఇంటికి పిలుస్తారని ఎదురుచూడకండి. ఏడాది పట్టవచ్చు. పిలిచినప్పుడు మాత్రం చెప్పిన నిమిషానికి వెళ్లండి, గుమ్మం దగ్గర బూట్లు విప్పండి. ఆ రెండో అలవాటు మనకు నేర్పనక్కర్లేదు.

ఇంట్లో ఫీకాకు దాల్చినచెక్క రొట్టెలు చేయడం నేర్చుకోండి. అక్టోబరు 4న దీనికి ఒక రోజు కూడా పెట్టుకున్నారు. మనకో సౌకర్యం ఉంది: ఈ రొట్టెకు ప్రాణం ఏలకులే, అవి మన డబ్బాలో ఎప్పుడూ ఉంటాయి. గింజలు ఒలిచి రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మెత్తని పొడి పనికిరాదు, పంటి కింద ఒక పలుకు తగలాలి.

75 గ్రాముల వెన్న కరిగించి, 250 మిల్లీలీటర్ల పాలు పోసి, వేలు పెడితే వెచ్చగా తగిలేంత వేడి చేయండి, 37 డిగ్రీలు. మరీ వేడెక్కితే ఈస్ట్ చచ్చిపోతుంది. 25 గ్రాముల తాజా ఈస్ట్ నలిపి కలపండి. తీపి పిండికని వేరే పొట్లం అమ్ముతారు, అది తీసుకోండి. 65 గ్రాముల పంచదార, పావు చెంచా ఉప్పు, చెంచాడు ఏలకుల పలుకులు, సుమారు 400 గ్రాముల మైదా. చేత్తో పది నిమిషాలు పిసకండి. మొదటి నాలుగు నిమిషాలు వేళ్లకు అంటుకుని విసిగిస్తుంది. పిండి ఇంకా వేయాలనిపిస్తుంది, వేయకండి. ఏడో నిమిషానికి ముద్ద ఒక్కసారిగా మాట వింటుంది, గిన్నె అంచును వదిలేస్తుంది, బూరెల పిండి కన్నా మృదువుగా అవుతుంది. గుడ్డ కప్పి ముప్పావు గంట వదిలేయండి. పెద్ద చపాతీలా దీర్ఘచతురస్రంగా ఒత్తి, మెత్తని వెన్న, పంచదార, దాల్చినచెక్క పొడి పూసి, చాపలా చుట్టి, పదహారు ముక్కలు కోయండి. ఇంకో అరగంట పొంగనిచ్చి, పైన గుడ్డుసొన గానీ పాలు గానీ పూసి, 225 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది నుంచి పది నిమిషాలు. మధ్యలో ఫోను చూడకండి, ఆ చివరి నిమిషంలోనే మాడుతాయి.

అయిదో అడుగు: చీకటిని ముందే లెక్కలోకి తీసుకోండి

డిసెంబరు మూడో వారంలో స్టాక్‌హోమ్‌కు దక్కే పగలు ఆరు గంటలు. మధ్యాహ్నం మూడు కాకముందే సూర్యుడు దిగిపోతాడు. కిరూనా లాంటి ఉత్తరపు ఊళ్లలో కొన్ని వారాలు అసలు ఉదయించడు. దీన్ని నెమ్మదైన జీవితం అని అందంగా రాసేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. మొదటి శీతాకాలం కష్టంగానే ఉంటుంది.

భోజన విరామంలో సగం తిండికి, సగం బయటి నడకకు కేటాయించండి. మబ్బు పట్టినా ఆ వెలుతురే దిక్కు. క్యాలెండరులో దాన్ని మీటింగులా రాసి పెట్టుకోండి, లేకపోతే ఎవరో ఒకరు ఆ సమయంలో మీటింగు పెడతారు. డి విటమిను గురించి ఆరోగ్య కేంద్రంలో అడగండి. నిద్ర తలకిందులై, ఏ పనీ చేయాలనిపించని స్థితి వారాలపాటు ఉంటే ఓర్చుకోకుండా ఆరోగ్య సలహా నంబరు 1177కు ఫోను చేయండి.

పైకప్పు దీపం ఒక్కటే వేసుకుని ఉండడం మన అలవాటు. ఇక్కడ సాయంత్రం దాన్ని ఆర్పి, గదిలో మూలకొకటిగా మూడు నాలుగు చిన్న దీపాలు వెలిగిస్తారు. ప్రయత్నించండి, అదే గది చిన్నదై దగ్గరకొస్తుంది. క్రిస్మస్‌కు ముందు నాలుగో ఆదివారం వీధిలో ప్రతి కిటికీలోనూ ఏడు బల్బుల త్రికోణపు దీపం వెలుగుతుంది. ఆ సాయంత్రం నడకకు తప్పక వెళ్లండి. కార్తీక దీపాలు దాదాపు ఆ రోజుల్లోనే వస్తాయి కాబట్టి మా కిటికీ అందరికన్నా ముందే వెలుగుతుంది. కొవ్వొత్తి అయినా ప్రమిద అయినా గది వదిలేటప్పుడు ఆర్పండి, కాసేపు కిటికీ తెరిచి పొగ పోనివ్వండి.

ఆరో అడుగు: వారానికి గట్లు వేయండి

శుక్రవారం సాయంత్రానికి ఫ్రేదాగ్స్‌మ్యూస్ అని పేరు. ఎవరూ ఎవరి ఇంటికీ వెళ్లరు. ఇంట్లోవాళ్లు సోఫాలో కూలబడి తేలికైన తిండి తింటారు. వాళ్లది చాలా ఇళ్లలో టాకో, మాది మిరపకాయ బజ్జీ.

శనివారం పిల్లలకు మిఠాయి రోజు. వారమంతా లేదు, శనివారం ఉంది. ఈ అలవాటు వెనక ఒక చేదు కథ ఉంది. 1940లలో లూండ్ పట్టణంలోని వీపెహోల్మ్ ఆసుపత్రిలో మానసిక వైకల్యమున్న రోగులకు జిగురు మిఠాయిలు తినిపించి పళ్లు పుచ్చుతాయో లేదో పరీక్షించారు. వారానికొక్కరోజే తీపి అనే సలహా ఆ ఫలితాల తరువాత వచ్చింది. మా అబ్బాయికి నేను ఆ కథ ఇంకా చెప్పలేదు. కానీ అలవాటు పనిచేస్తుంది. అంగడిలో రోజూ జరిగే గొడవ శనివారానికి వాయిదా పడి, ఆ రోజున పండగవుతుంది. ఫోనులో రీల్స్ చూడడానికి కూడా మేము ఇదే పద్ధతి పెట్టుకున్నాం. నాకు వాడికన్నా కష్టంగా ఉంది.

ఆదివారం అడవి. మంగళవారమో బుధవారమో ఉతుకుడు వంతు. ఈ నాలుగు స్థిరపడితే మిగిలిన వారం తనంతట తానే సర్దుకుంటుంది. అయిదోది చేర్చాలని చూడకండి, పిల్లలకు నాలుగు రకాల క్లాసులు అసలే వద్దు.

చివరి అడుగు: జూలైని జూలైగా వదిలేయండి

స్వీడన్‌లో ఏడాదికి 25 రోజుల జీతంతో కూడిన సెలవు చట్టబద్ధమైన హక్కు. 1977 నాటి సెలవుల చట్టం అది. వేరే ఒప్పందం లేకపోతే జూన్ నుంచి ఆగస్టు లోపల నాలుగు వారాలు వరుసగా తీసుకోవచ్చు. ఇక్కడి తీరికలో వ్యక్తుల సుగుణమెంతో, ఈ చట్టం వాటా అంతకు తక్కువ కాదు. వారానికి అరవై గంటలు పనిచేయించుకునే చోట ఉన్నవాళ్లకు కొవ్వొత్తి వెలిగించమని సలహా ఇవ్వడం నాకు మనస్కరించదు.

మనలో చాలామంది ఈ రోజులన్నీ ఇండియా ప్రయాణానికి దాచుకుంటారు. తప్పు లేదు, అమ్మానాన్నలు ఎదురుచూస్తుంటారు. ఒక్క వారం మాత్రం ఇక్కడ ఉంచుకోండి. ఆ వారంలో ఆరు దేశాలు చూసే టూరు వద్దు. తోటి ఉద్యోగుల్ని అడిగితే ఎవరో ఒకరి దగ్గర అద్దెకిచ్చే స్టూగా ఉంటుంది. చెరువు దగ్గర చిన్న చెక్క ఇల్లు, చాలావాటికి ఎరుపు రంగు, తెల్ల అంచులు. కొన్నింటిలో నీళ్లు బావి నుంచి మోసుకోవాలి, మరుగుదొడ్డి పెరటి చివర విడిగా ఉంటుంది. బుక్ చేసేముందు ఈ రెండూ అడిగి తెలుసుకోండి. పల్లెటూరి అమ్మమ్మగారింట్లో పెరిగినవాళ్లకు ఇవి కొత్త కాదు, కాబట్టి మొహం చిట్లించే హక్కు మనకు పెద్దగా లేదు.

రెండు రోజులు విసుగు పుడుతుంది. పుట్టనివ్వండి. రాత్రి పదింటికి కూడా వెలుతురుండడంతో పిల్లలు నిద్రపోరు, కిటికీకి నల్లటి గుడ్డ కట్టండి. మూడో రోజుకు నీళ్లు తేవడం, కట్టెలు కొట్టడం, వంట, ఈత, ఇవే రోజంతా సరిపోతున్నాయని గమనిస్తారు.

నార్వే కొండల వైపు వెళ్లగలిగితే ఇంకో మెట్టు ఉంది. 1868లో పుట్టిన నార్వే పర్యాటక సంఘానికి కొండల్లో 500 పైగా బసలున్నాయి, దారికి రాళ్ల మీద ఎర్ర రంగుతో ‘టి’ అక్షరం గుర్తు. వీటిలో కొన్నింటికి కాపలాదారు ఉండరు. సభ్యులకు ఇచ్చే తాళంచెవితో తలుపు తీసుకుని వెళ్లాలి, అలమరలో పప్పు, పాస్తా, కాఫీ ఉంటాయి. వాడుకున్నది కాగితం మీద రాసి డబ్బు కట్టేయాలి. ఎవరూ చూడరు. బయలుదేరే ఉదయం గిన్నెలు కడిగి బోర్లించండి, నేల ఊడవండి, పొయ్యిలో బూడిద తీసేయండి, అతిథుల పుస్తకంలో మీ పేరు, తరువాత ఎటు వెళ్తున్నారో రాయండి. గొడ్డలి షెడ్డులో ఉంటుంది. మీరు కాల్చినన్ని కట్టెలు కొట్టి పొయ్యి పక్కన పేర్చండి, అగ్గి రాజేయడానికి సన్న పుల్లలు కూడా పెట్టండి. మీ తరువాత వచ్చేవాళ్లు తడిసి, చలికి వేళ్లు కొంకర్లు పోయి వస్తారు.